కంపెనీ పెరిగాకే మా మాట ఎక్కువ వినాలి

సంపాదకుల వారికి నమస్కారం.

మన విశాఖకు వస్తున్న కంపెనీల గురించి ఈమధ్య పేపర్లో వార్త లేని వారం లేదు. రుషికొండ మీద టీసీఎస్‌కు 99 పైసలకే భూమి ఇవ్వడం దగ్గర్నుంచి, 2025 అక్టోబరులో గూగుల్ వాళ్లు ఇక్కడి డేటా సెంటర్ మీద ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించడం దాకా అన్నీ చదివాను. సంతోషమే. ఇంజినీరింగ్ చదివిన పిల్లలు బెంగళూరు, హైదరాబాద్ బస్సులు ఎక్కకుండా కళ్లముందే ఉండాలని కోరుకోని తల్లి ఈ ఊళ్లో ఎవరుంటారు? రేపు వీళ్లలో కొందరు సొంతంగా కంపెనీలు పెడతారు, పెట్టాలి కూడా. వాళ్లను దృష్టిలో పెట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎన్ని ఎకరాలు, ఎన్ని కోట్లు, ఎన్ని ఉద్యోగాలు అన్న లెక్కలు రోజూ చూస్తున్నాం. ఆ కంపెనీలు తయారుచేసినదాన్ని పొద్దున్నుంచి రాత్రి దాకా వాడేవాళ్ల సంగతి మాత్రం ఎవరూ రాయడం లేదు. కంపెనీ చిన్నగా ఉన్నప్పుడు మా మాట వింటుంది, పెరిగాక మానేస్తుంది. అసలు పెరిగే కొద్దీ ఇంకా ఎక్కువ వినాలి. ఎందుకంటున్నానో నా వృత్తిలోంచే చెప్పగలను.

నేను ఫార్మసీ డిప్లొమా చేశాను. కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) దగ్గర, కేజీహెచ్ డౌన్‌లో మాకు మందుల షాపు ఉంది. మా మామగారు పెట్టారు, ఆయన తర్వాత మా వారూ నేనూ చూసుకుంటున్నాం. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు, అరకు, అటు ఒడిశాలోని కోరాపుట్, రాయగడ నుంచి కూడా రోగులు పెద్దాసుపత్రికి వస్తారు. ఓపీ చీటీలు పట్టుకుని మా వైపు రావడం మొదలైతే భోజనాల వేళ దాటేదాకా తల ఎత్తడానికి కుదరదు. ఆ రద్దీలో నాకు కావలసినవి రెండే. ఇచ్చే మందు తప్పు కాకూడదు, బిల్లు ఆగకూడదు.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక చేతి బిల్లు పుస్తకంతో నెట్టుకురావడం కష్టమైంది. మందును బట్టి పన్ను, ప్రతిదానికీ సరుకు రకం తెలిపే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్, పైగా రిటర్నులు. అప్పుడే ఇద్దరు కుర్రాళ్లు షాపు షాపుకీ తిరుగుతూ తాము రాసిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూపించేవారు. మన ఊరి పిల్లలే. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను. ఒక కంపెనీని నలుగురిలో పెట్టడం నా ఉద్దేశం కాదు.

ఆ పిల్లల్లో నాకు నచ్చింది వాళ్ల తీరు. సాఫ్ట్‌వేర్ గొప్పలు చెప్పి వెళ్లిపోలేదు. "మేడమ్, మేం ఒక పక్కన కూర్చుని చూడొచ్చా?" అని అడిగారు. కౌంటరు లోపల స్టూలు వేశాం. ఓపీ రద్దీ జరుగుతున్నంతసేపూ ఒకడు అక్కడే కూర్చుని నా చేతులు చూసేవాడు, ఇంకొకడు బయట జనంలో నిలబడి వాళ్లేం అడుగుతున్నారో వినేవాడు.

వాళ్లు తెచ్చిన మొదటి సాఫ్ట్‌వేర్‌లో నిండు స్ట్రిప్పే అమ్మగలం. మా దగ్గర అలా కుదరదు. రోజుకు రెండు చొప్పున ఐదు రోజులకు డాక్టరు రాస్తే పది బిళ్ళలు. స్ట్రిప్‌లో పదిహేను ఉంటాయి. పాడేరు బస్సు చార్జీలకు ఉంచుకోవాల్సిన మనిషిని పదిహేనూ కొనమని అనలేం కదా. కాబట్టి కత్తిరిస్తాం. కత్తిరించడంలోనూ ఒక పద్ధతి ఉంది. బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ అచ్చువేసిన కొస మా దగ్గర మిగలాలి. లేకపోతే మిగిలిన ఐదూ ఏ బ్యాచ్‌వో, ఎప్పటిదాకా పనికొస్తాయో తెలియదు. ఇదంతా ఆ అబ్బాయి కళ్లారా చూశాడు. మళ్లీ వచ్చేసరికి ఒక్క మీట నొక్కితే లెక్క స్ట్రిప్పుల్లోంచి బిళ్ళల్లోకి మారేలా చేసి తెచ్చాడు. నేను అడగనైనా లేదు.

నేను అడిగి చేయించుకున్నది ఇంకొకటి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ ఊళ్లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్ల మీద చెట్లు. అయినా షుగరు మందు, బీపీ మందు, ఫిట్స్ మందు అయిపోయిన వాళ్లు నడుచుకుంటూ వచ్చారు. "నెట్ లేకపోయినా నా బిల్లు రావాలి బాబూ, నా స్టాకు ఎంతుందో నా కంప్యూటర్లోనే కనపడాలి" అని మొదటి రోజే ఆ పిల్లలకు చెప్పాను. ఇన్వర్టర్ మీద నడిచేలా, నెట్ వచ్చాక లెక్కలు పైకి పంపుకునేలా చేసి ఇచ్చారు. ఎక్స్‌పైరీ దగ్గరపడిన మందుల జాబితా డిస్ట్రిబ్యూటర్ల వారీగా కావాలంటే అదీ చేశారు. వెనక్కి పంపేటప్పుడు ఎవరి సరుకు వాళ్లకే కట్టాలి కాబట్టి పేర్ల వరసలో ఇస్తే మాకు ఉపయోగం లేదు.

అన్నిటికంటే మించినది బిల్లు మీద తెలుగు లైను. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

బిల్లు మీద అక్షరాలు పెద్దవి చేయమని నేనే అడిగాను. ముసలివాళ్లకు కనపడటం లేదని. వేరే కంపెనీ అయితే అక్షరాలు పెద్దవి చేసి ఊరుకునేది. ఈ పిల్లలు "ఎందుకు మేడమ్, బిల్లులో వాళ్లు ఏం చూస్తారు?" అని అడిగారు. మందు పేరూ చూడరు, పన్నూ చూడరు, ఏది ఎప్పుడు వేసుకోవాలో తెలుసుకోవాలని చూస్తారు అని చెప్పాను. డాక్టరు 1-0-1 అని రాస్తారు, అంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. అది మాకు అర్థమవుతుంది. చదువు రాని మనిషికి చెప్పడానికి మేం కవరు మీద పెన్నుతో గీతలు గీస్తాం, పొద్దున అయితే ఒక పక్క, రాత్రి అయితే ఇంకో పక్క. పది మంది నిలబడి ఉన్నప్పుడు ఆ గీతలు అందరికీ నిదానంగా గీసే తీరిక ఉండదు. ఆ మాట విని వాళ్లు ప్రతి మందు కింద తెలుగులో ఒక లైను వచ్చేలా చేశారు. "ఉదయం 1, రాత్రి 1, తిన్న తర్వాత" అని. పెద్ద అక్షరాలతో.

ఇంట్లో చదువుకున్న మనవడో మనవరాలో ఉంటే చాలు, చదివి చెప్పేవాళ్లు. ఆ బిల్లును జనం పారేసేవారు కాదు. మడిచి, స్ట్రిప్పులకు చుట్టి, రబ్బరు బ్యాండు వేసి దాచుకునేవారు. మళ్లీ నెల వచ్చినప్పుడు అదే బిల్లు తీసి చూపించి "ఇవే ఇయ్యమ్మా" అనేవారు. ఈ లైను వచ్చాక "ఏది ఎప్పుడు వెయ్యాలి" అని అడగడానికి మళ్లీ వెనక్కి వచ్చేవాళ్లు బాగా తగ్గారు. మా వీధిలో ఇంకొందరు ఆ లైను కోసమే ఈ సాఫ్ట్‌వేర్ తీసుకున్నారు. నేనే దగ్గరుండి చెప్పి ఇప్పించిన షాపులూ ఉన్నాయి.

తర్వాత కంపెనీ పెరిగింది. పెట్టుబడి వచ్చిందని ఆ పిల్లలే స్వీట్ల డబ్బా పట్టుకొచ్చి చెప్పారు. మా పిల్లలకు ఉద్యోగం వచ్చినంత సంబరపడ్డాం. ఆఫీసు వేరే ఊరికి మారింది. వేరే రాష్ట్రాల్లోనూ షాపులు చేరాయి. వాట్సాప్‌లో మెసేజ్ పెడితే రాత్రి పదింటికైనా పలికే నంబరు పోయి టోల్‌ఫ్రీ నంబరు వచ్చింది. ఇదంతా సహజమే. వేల షాపులకు ఇద్దరు మనుషులు ఫోను ఎత్తలేరని నాకూ తెలుసు.

ఆ తర్వాత కొత్త వెర్షన్ వచ్చింది. చూడటానికి చక్కగా ఉంది. కానీ లూజు బిళ్ళలకు ఒక్క మీట చాలేది, ఇప్పుడు వేరే పేజీ తెరిచి, మందు వెతికి, మళ్లీ వెనక్కి రావాలి. నెట్ ఆగితే బిల్లు ఆగుతుంది. ఎక్స్‌పైరీ జాబితా ఎ నుంచి జెడ్ దాకా వరసలో వస్తోంది. డిస్ట్రిబ్యూటర్ల వారీగా కావాలంటే ఎక్కువ చందా కట్టాలి. ఇవన్నీ ఎలాగో సర్దుకోగలం. తెలుగు లైను తీసేశారు. అది సర్దుకోలేకపోతున్నాం.

హుకుంపేట వైపు నుంచి ఒక పెద్దావిడ నెలనెలా వస్తుంది. షుగరు, బీపీ, పడుకునే ముందు వేసుకునేది ఇంకొకటి. మూడూ తెల్లగా చిన్నగానే ఉంటాయి. కొత్త బిల్లు పట్టుకుని వెళ్లిన మర్నెల ఆవిడ మళ్లీ వచ్చి, సంచిలోంచి పాత బిల్లూ కొత్త బిల్లూ రెండూ తీసి కౌంటరు మీద పరిచింది. పాతది మడతల దగ్గర చిరిగిపోయింది. "ఇందులో రాత్రి బిళ్ళ ఏది తల్లీ? పాత కాయితంలో మా మనవరాలు సదివింది, దీన్లో లేదంటంది" అంది. మధ్యలో డాక్టరు ఒక మందు మార్చారు కాబట్టి పాత బిల్లు చూసి వేసుకునే వీలు కూడా లేదు. మూడు కవర్ల మీద మళ్లీ పెన్నుతో గీతలు గీసి, మనవరాలికి ఫోను చేయించి చెప్పాను. ఆవిడ అడిగింది కాబట్టి సరిపోయింది. అడగకుండా తనకు తోచినట్టు వేసుకునేవాళ్లు ఎంతమంది ఉన్నారో నాకు భయంగా ఉంది.

కంపెనీకి ఫోను చేశాను. ఫోను ఎత్తిన అమ్మాయి ఓపిగ్గా మాట్లాడింది, నా ఫిర్యాదుకు ఒక నంబరు ఇచ్చింది, దాన్నే వాళ్లు టికెట్ అంటారు. రెండో రోజు "మీ టికెట్ క్లోజ్ అయింది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి" అని మెసేజ్ వచ్చింది. మళ్లీ చేస్తే మళ్లీ కొత్త నంబరు, మళ్లీ మొదటి నుంచి కథంతా చెప్పడం. చివరికి ఒకాయన అసలు సంగతి చెప్పారు. "తెలుగు ప్రింట్ వాడే షాపులు మా మొత్తం షాపుల్లో చాలా తక్కువ మేడమ్, అందుకే కొత్త వెర్షన్‌లో పెట్టలేదు" అన్నారు. ఆ అమ్మాయిదీ తప్పు కాదు, ఈయనదీ తప్పు కాదు. వాళ్లెవరూ మందుల షాపు కౌంటరు లోపలికి వచ్చి చూసి ఉండరు. వాళ్ల ముందున్న కంప్యూటర్లో ఎన్ని టికెట్లు వచ్చాయి, ఎన్ని క్లోజ్ చేశాం, ఎంతసేపట్లో చేశాం అన్నదే కనపడుతుంది. టికెట్ పెట్టిన మనిషి పని తీరిందా లేదా అన్నది అందులో కనపడదు.

ఏరు దాటాక తెప్ప తగలేశారని మా వీధిలో కొందరు అంటున్నారు. నేను అంత మాట అనను. 2025 సెప్టెంబరు 22న మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు ఈ కంపెనీయే రాత్రికి రాత్రి అప్‌డేట్ పంపింది. పొద్దున షాపు తెరిచేసరికి కొత్త రేట్లు పడ్డాయి. ఆ పని చేసినవాళ్లకు చేతులెత్తి దండం పెట్టొచ్చు. కాబట్టి పని చేతకాక కాదు, శ్రద్ధ లేక కాదు. ప్రభుత్వం మారిస్తే వాళ్లకు వెంటనే తెలుస్తుంది. ఊరూరా బ్రాంచీలున్న పెద్ద షాపులు అడిగితే తెలుస్తుంది. హుకుంపేట మనవరాలు బిల్లు చదవలేకపోయిందన్నది మాత్రం తెలిసే దారి లేదు. ఉన్న దారిని వాళ్లే మూసుకున్నారు.

"చాలా తక్కువ" అన్న మాట దగ్గరే నా అభ్యంతరం. మా మందుల రంగంలో ఆ మాటతో ఎవరూ ఊరుకోరు. ఊరుకోకూడదని చాలా పెద్ద ధర చెల్లించి నేర్చుకున్నారు.

మందు మార్కెట్‌లోకి వచ్చే ముందు దాన్ని వందల మంది మీద, తర్వాత కొన్ని వేల మంది మీద పరీక్షిస్తారు. పదివేల మందిలో ఒకరికి వచ్చే ఇబ్బంది, పరీక్షలో ఉన్నది మూడు వేల మందే అయితే వాళ్లలో ఒక్కరికీ రాకపోవచ్చు. పరీక్ష నిజాయితీగానే జరిగింది, ఇబ్బంది కనపడలేదు. అదే మందు పది లక్షల మంది వాడటం మొదలుపెడితే సుమారు వంద మందికి ఆ ఇబ్బంది వస్తుంది. ఎంత ఎక్కువ మంది వాడితే అంత అరుదైన సంగతులు బయటపడతాయి. అందుకే మందు అమ్మకానికి వచ్చాక కూడా వాడేవాళ్ల మాట వినడానికి మన దేశంలో 2010 నుంచి ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం నడుస్తోంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని చూసుకుంటుంది. 1800-180-3024 నంబరుకు డాక్టర్లే కాదు, మందు వాడిన మామూలు మనిషి కూడా ఫోను చేసి చెప్పొచ్చు. రోగులు నింపే ఫారం తెలుగులో కూడా ఉంది. దాంట్లో నాకు బాగా నచ్చేది ఏమిటంటే, ఈ మందు వల్లే వచ్చిందని నిరూపించమని ఎవరూ అడగరు. అనుమానం ఉన్నా రాయవచ్చు. తేల్చే పని వాళ్లది.

ఈ ఏర్పాట్లు ఊరికే రాలేదు. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే మందు అమ్మకానికి వచ్చింది. నిద్రకూ, గర్భిణులకు వేవిళ్లకూ వాడేవారు. నలభైకి పైగా దేశాలకు పాకింది. వాడినవాళ్లకు కాళ్లూ చేతులూ తిమ్మిర్లెక్కుతున్నాయి, నరాలు దెబ్బతింటున్నాయి అని డాక్టర్ల నుంచి కంపెనీకి ఫిర్యాదులు వచ్చాయి. కంపెనీ వాటిని తేలిగ్గా తీసుకుంది. లెస్లీ ఫ్లోరెన్స్ అనే డాక్టరు బ్రిటిష్ మెడికల్ జర్నల్ సంపాదకుడికి రాసిన ఒక చిన్న ఉత్తరం 1960 డిసెంబరు 31న అందులో అచ్చయింది. తన రోగుల్లో ఇలా కనిపిస్తోంది, కారణం ఈ మందేనా అని. అమెరికాలో ఆ మందు దరఖాస్తు చూస్తున్న ఫ్రాన్సిస్ కెల్సీ అనే అధికారిణి ఆ ఉత్తరం చదివారు. కంపెనీ ఎంత ఒత్తిడి తెచ్చినా వివరాలు ఇచ్చేదాకా అనుమతి ఇవ్వనని కూర్చున్నారు. అమెరికాలో అప్పుడు ఆ మందుకు అనుమతి రానేలేదు. మిగతా చోట్ల 1961 చివర్లో వెనక్కి తీసుకోవడం మొదలయ్యేసరికి చాలా ఆలస్యమైంది. కాళ్లూ చేతులూ సరిగా ఎదగకుండా పుట్టిన పిల్లలు ప్రపంచవ్యాప్తంగా పదివేల మందికి పైగా ఉంటారని అంచనా. కాలేజీలో ఈ పాఠం చెప్పిన రోజు మా క్లాసులో చప్పుడు లేదు.

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌నీ ఆ మందునీ ఒక గాటన కట్టడం లేదు. ఆ ఉత్తరం రాసిన డాక్టరు దగ్గర లక్షల మంది లెక్కలు లేవు. తన ఎదురుగా కూర్చున్న కొద్దిమంది రోగులే ఉన్నారు. కెల్సీ "కొద్దిమందే కదా" అని పక్కన పెట్టలేదు. నేను చెప్పేది అంతే.

మా అబ్బాయిది కంప్యూటర్ల చదువు. ఇది విని వాళ్ల రంగంలోనూ ఇలాంటిదే జరిగిందని చెప్పాడు. 1994లో అమెరికాలో థామస్ నైస్లీ అనే లెక్కల ప్రొఫెసర్ ఇంటెల్ కంపెనీ కంప్యూటర్లకు తయారుచేసిన పెంటియమ్ చిప్ కొన్ని భాగహారాలు తప్పు చేస్తోందని పట్టుకున్నారు. కంపెనీకి చెప్పారు. అక్కడ సరైన స్పందన లేక తెలిసినవాళ్లకు ఈమెయిల్ రాశారు. మామూలుగా వాడేవాళ్లకు ఇలాంటి తప్పు 27,000 ఏళ్లకు ఒకసారి ఎదురవుతుందని, అవసరమని చూపించినవాళ్లకే చిప్ మారుస్తామని ఇంటెల్ అంది. జనం ఒప్పుకోలేదు. ఐబీఎం అయితే తమ లెక్క ప్రకారం 24 రోజులకే రావచ్చని చెప్పి ఆ కంప్యూటర్లు పంపడం ఆపేసింది. డిసెంబరు 20న ఇంటెల్ దిగొచ్చి, అడిగినవాళ్లందరికీ మారుస్తామని ప్రకటించింది. దానికి పెట్టిన ఖర్చు 47.5 కోట్ల డాలర్లు. ఆ ప్రొఫెసర్ ఫోను చేసిన రోజే "ఎలా కనిపెట్టారు సార్, చూపించండి" అని ఉంటే ఆ డబ్బు మిగలకపోయినా, చిప్‌లో తప్పు ఎలాగూ ఉంది కాబట్టి, జనం దగ్గర మాట మిగిలేది.

వాడేవాళ్లు అడిగిందల్లా చేయమని నేను అనడం లేదు. నేను అడిగిందీ, గాజువాకలో షాపున్నాయన అడిగిందీ ఒకదానికొకటి పొసగకపోవచ్చు. అడిగిన ప్రతిదానికీ ఒక బటను పెడితే సాఫ్ట్‌వేర్ తెరవడానికే భయం వేస్తుంది. నేను పెద్ద అక్షరాలు అడిగితే ఆ పిల్లలు తెలుగు లైను ఇచ్చారు. అడిగిన వస్తువు ఇవ్వలేదు, అడగడానికి కారణం పట్టుకున్నారు. కారణం తెలియాలంటే "ఎందుకు" అని అడిగేవాడూ, జవాబు వినేవాడూ, ఆ తర్వాత మార్చేవాడూ ఒకరికొకరు దగ్గరలో ఉండాలి. ఇప్పుడు అడిగే అమ్మాయి ఒక చోట, మార్చే ఇంజినీరు ఇంకో చోట. మధ్యలో నా మాట ఒక నంబరుగా మారి వెళ్తోంది. "తెలుగు ప్రింట్ రావడం లేదు" అన్న నాలుగు మాటలు అతనికి అందుతాయి. రబ్బరు బ్యాండు వేసి దాచుకున్న బిల్లు సంగతి అందదు.

ఇప్పుడు ప్రతి కౌంటరు మీదా డబ్బు పడగానే "అందుకున్నారు" అని చెప్పే సౌండ్ బాక్సు ఉంది. అది తెలుగులో మాట్లాడుతుంది. చేతులు ఖాళీ లేని వ్యాపారి ప్రతిసారీ ఫోను చూసుకోలేడని, ఉత్తుత్తి స్క్రీన్‌షాట్లతో మోసపోతున్నాడని ఎవరో గమనించబట్టే కదా అలాంటి వస్తువు వచ్చింది. జగదాంబలో మల్లెపూలు అమ్మే ఆవిడ దగ్గరా అదే ఉంది, నా దగ్గరా అదే ఉంది. కోట్ల మంది వాడేదాంట్లో కూడా కౌంటరు వెనకున్న మనిషి అవసరం పట్టించుకోవచ్చు అనడానికి నా కళ్లముందున్న సాక్ష్యం అది.

చట్టం కూడా కొంత మన వైపే ఉంది. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. 1915 నంబరుకు ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ పలుకుతుంది. బతుకుతెరువు కోసం సొంతంగా షాపు నడుపుకునేవాళ్లు కూడా 2019 చట్టం కింద వినియోగదారులే అవుతారు. ఇది చాలామంది చిన్న వ్యాపారులకు తెలియదు. కానీ నేను ఆ దారిలో వెళ్లదలచుకోలేదు. కేసు వేస్తే జవాబు ఇస్తారేమో, నాకు కావలసింది జవాబు కాదు. ఆ సాఫ్ట్‌వేర్ రాసే మనిషి ఒక పూట మా షాపుకి రావాలి.

మన ఊళ్లో కంపెనీలు పెట్టబోయే పిల్లలకూ, పెట్టి పెంచుతున్నవాళ్లకూ నేను చెప్పేది ఇదే. కంపెనీలో ఎంతమంది చేరినా, తయారుచేసే ప్రతి ఒక్కరూ నెలకు ఒక పూటైనా వాడేవాళ్ల పక్కన కూర్చోవాలి. మేనేజర్లు కాదు, కోడ్ రాసేవాళ్లే. మీకు లాభం తెచ్చే పెద్ద షాపు దగ్గరే కాదు, అతి తక్కువ చందా కట్టే చిన్న షాపు దగ్గర కూడా. ఫిర్యాదు తీరిందని చెప్పాల్సింది ఫిర్యాదు చేసినవాళ్లు, మీ కంప్యూటర్ కాదు. మేం "సరిపోయింది" అనేదాకా దాన్ని తెరిచే ఉంచండి. ఉన్నదాన్ని తీసేసే ముందు ఎంతమంది వాడుతున్నారని లెక్క చూసి ఆగిపోకండి, వాడేవాళ్లలో ఓ నలుగురికి ఫోను చేసి ఇది పోతే మీకేం అవుతుందని అడగండి. లెక్కలో నా షాపు ఒకటే. నా షాపు వెనక ఆ బిల్లు చదువుకునే ఇళ్లు ఎన్నో మీ లెక్కకు తెలియదు. దీనికి డబ్బు ఖర్చవుతుందనీ, టైము పడుతుందనీ అంటారు. నిజమే. మరి కొత్త వెర్షన్ మీద అంతకంటే ఎక్కువే పెట్టారు, దాన్ని తిట్టుకుంటూ వాడుతున్నాం.

ఇంకొక్క సంగతి. వాడేవాళ్లం కూడా నోరు మూసుకుని ఊరుకోకూడదు. "ఎవరికి చెబుతాం, ఎవరు వింటారు" అని మా వీధిలో చాలామంది ఫోను చేయడం మానేశారు. కంపెనీ లెక్కల్లో అది ఫిర్యాదులు తగ్గినట్టు కనిపిస్తుంది. మేం అలవాటు పడ్డాం అనుకుంటారు. అందుకే ఇదే సాఫ్ట్‌వేర్ వాడుతున్న మా చుట్టుపక్కల షాపుల వాళ్లం కలిసి ఒక కాగితం రాశాం. పాత బిల్లు ఒకటి, కొత్త బిల్లు ఒకటి పక్కపక్కన పెట్టి జిరాక్సు తీసి దానికి జతచేశాం. కంపెనీ మొదలుపెట్టిన ఆ ఇద్దరి పేరు మీదే స్పీడ్ పోస్టులో పంపుతున్నాం, టోల్‌ఫ్రీకి కాదు. అందులో అడిగింది ఒక్కటే, తెలుగు లైను తిరిగి పెట్టమని. మిగతావి కూర్చుని మాట్లాడుకుందాం అన్నాం. ఏడాది చందా మార్చిలో కట్టాలి. ఈలోపు వాళ్లు వస్తే సంతోషం. ఓపీ ఉన్న ఏ రోజైనా, పదకొండు దాటాక రమ్మని రాశాం.

ఇట్లు,
ఒక మందుల షాపు యజమానురాలు,
కేజీహెచ్ డౌన్, విశాఖపట్నం.